ఇల్లరికపు బండి

రేషన్ కార్డు లెక్కన మా ఇంట్లో నలుగురం. కార్డుకెక్కని ఐదోవారు వసారాలో, తులసికోటకీ నీళ్ల మోటారు స్విచ్చికీ మధ్య, సైడ్ స్టాండ్ మీద ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంటారు. 2016 మోడలు, ఏపీ 26 నంబరు, నాలుగు వందల పైచిలుకు సీసీ, పదిహేను లీటర్ల ట్యాంకు, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 17. కంపెనీ పేరు మాత్రం చెప్పను. మా అమ్మమ్మ బతికినన్నాళ్లూ మా తాత పేరు పలకలేదు. పలికితే ఆయుష్షు క్షీణం అనేది. నా బండికి క్షీణించడానికి కూడా పెద్దగా మిగల్లేదు, ఉన్నదైనా కాపాడుకోవాలి.

ఇలాంటివాటిని లోకం అడ్వెంచర్ టూరర్ అంటోంది. ఏడేళ్ల పరిశీలన తర్వాత నేను తేల్చింది వేరు. పాతబడిన అడ్వెంచర్ బండి వాహనం కిందికి రాదు. అల్లుడి కిందికి వస్తుంది, అందులోనూ ఇల్లరికపు అల్లుడు. ఈ తేడా తెలియక మన నెల్లూరు జిల్లాలో ఎందరో దాన్ని రోజువారీ పనిలోకి దింపాలని చూసి భంగపడుతున్నారు. మోసపోయినవాడిగా కాదు, మామగా చెబుతున్నాను.

ఈయన మా ఇంటికి రావడమే ఒక సంబంధం చెడి వచ్చారు. మొదట కొన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడికి పెళ్లి కుదిరింది. బండి ఉంటే పిల్లనివ్వమన్నారట. చేతికొచ్చిన ధరకి నాకు ఇచ్చేసి, తాళాలు పెట్టేటప్పుడు 'బాగా చూసుకోండి అంకుల్' అన్నాడు. ఆ గొంతులో వణుకు చూసి బాధ అనుకున్నాను. ఊరట అని తర్వాత తెలిసింది.

అల్లుడుగారిని పొద్దున్నే నిద్రలేపే పద్ధతి ఒకటుంది. పెట్రోలు కాక్ ఆన్‌కి తిప్పాలి. చోక్ లాగాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ నొక్కాలి. లేస్తారు, గుక్కపెట్టి దగ్గుతారు. రెండు నిమిషాలు అలాగే వదిలేయాలి. ఈలోపు ఆదరాబాదరా గేరు వేశామా, అలిగి ఆరిపోతారు. మళ్లీ మళ్లీ నొక్కితే బ్యాటరీ దిగిపోతుంది. కిక్కు లేదు కాబట్టి తర్వాత తొయ్యాలి. నూట ఎనభై కిలోల పైమాట. వీధి వీధంతా టీ గ్లాసులతో గేట్ల దగ్గరికి వస్తుంది.

అదే వసారాలో ఇంకో మూల మా మామగారు పెళ్లప్పుడు పెట్టిన స్కూటరుంది. 2007 నాటిది. ఇప్పటికీ ఒక్క కిక్కుకి లేస్తుంది. బియ్యం మూట, గ్యాసు బండ, పిలకాయల ట్యూషను, మైపాడు నుంచి చేపలు, అన్నీ దాని మీదే. దాన్నెవరూ ఫోటో తీసి స్టేటస్ పెట్టరు. సర్వీసుకిచ్చి ఎన్నేళ్లయిందో అది కూడా మర్చిపోయుంటుంది. దానికి పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్ చేయించాల్సిన సంవత్సరమే, 2022 ఏప్రిల్ 1 నుంచి, మూడొందల ఫీజు వెయ్యి అయింది. అల్లుడుగారికి 2031 దాకా ఆ బాధ లేదు, కాగితాల మీద ఇంకా పడుచువాడే. స్కూటరుది కోడలి జాతకం అని ఒకసారి నోరు జారాను. మా ఆవిడ కూర తరుగుతున్న కత్తి పీట మీద నుంచి తలెత్తి చూసింది. 'ఇప్పటికైనా తెలిసిందా?' అంది. స్కూటరు గురించే అడిగిందని నేను నమ్ముతున్నాను.

అల్లుడంటే వంశం చెప్పుకోవాలి. 1978 డిసెంబరు 26న పారిస్‌లో ఒక ర్యాలీ బయల్దేరింది. సహారా ఎడారి దాటి సెనెగల్ దేశంలోని డకార్ చేరాలి, సుమారు పది వేల కిలోమీటర్లు. కార్లూ మోటారుసైకిళ్లూ కలిపి 182 బండ్లు బయల్దేరితే చేరినవి 74. మోటారుసైకిళ్లలో మొదట వచ్చింది యమహా ఎక్స్‌టీ 500, మావాడిలాగే ఒంటి సిలిండరు. మరో రెండేళ్లకి, 1980లో, బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్ తెచ్చింది. రాళ్లూరప్పల్లోనూ తారు రోడ్డు మీదా ఒకే బండి తిరగాలన్న ఆశకి పెద్ద ఇంజను తగిలించింది అక్కడే. ఇప్పుడు అడ్వెంచర్ అని పేరు పెట్టుకున్నవన్నీ ఆ గోత్రమే.

ఇందులో నాకు బాగా నచ్చింది ఆ చేరని 108. మొదటిసారి బండి తోసుకుంటూ ఇంటికొచ్చిన రాత్రి మా ఆవిడకి ఈ లెక్క వివరించాను. నూటికి అరవై దారిలోనే ఆగాయి, ఈ వంశంలో ఆగడం పరువు తక్కువ కాదు అన్నాను.

'వాళ్లు ఎడారిలో ఆగారండీ. మీరు ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆగారు' అంది.

చరిత్ర మీద మనవాళ్లకి బొత్తిగా గౌరవం లేదు.

ఇలాంటి బండి ఉన్న ప్రతివాడూ వచ్చే ఏడాది లడాఖ్ వెళ్తాడు. నేను ఏడేళ్లుగా వచ్చే ఏడాదే వెళ్తున్నాను. అక్కడ ఖార్దుంగ్ లా అని ఒక కనుమ. 18,380 అడుగులని బోర్డు పెట్టారు, కొలిచి చూస్తే 17,582 తేలింది. ఎనిమిది వందల అడుగులు బోర్డు మీదే పెరిగింది కాబట్టి నా ప్రయాణం కూడా ప్రస్తుతానికి బోర్డు మీద ఉండటంలో తప్పు లేదనుకుంటాను. అంత ఎత్తున గాలి పలచబడుతుంది, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు, ఇక్కడ పోసినంత పెట్రోలే అక్కడా పోసి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. దానిలో పెట్రోలు వదిలే జెట్లు మార్చుకోవాలి. ఇవన్నీ చదివి సిద్ధంగా ఉన్నాను. నెల్లూరు సముద్రానికి ఇరవై మీటర్ల ఎత్తు కూడా లేదు. ఇంకాస్త పైకి పోవాలంటే ఫ్లైఓవరే గతి. అక్కడికి ఇంకా జెట్లు మార్చాల్సిన అవసరం రాలేదు.

అందుకని కిందటి సంక్రాంతి ముందు, కనీసం మన వెలికొండలైనా ఎక్కిద్దామని పెంచలకోన బయల్దేరాను. స్వామి దర్శనం చేసుకుని, రాపూరు నుంచి చిట్వేలు ఘాటెక్కాలని ప్లాను. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు. వాటిలో క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, ప్లగ్గు, ఫ్యూజులు, స్పానర్ల సంచి, కట్టు తీగ, నైలాన్ తాడు, ఒక ట్యూబు. నా జత బట్టలకి చోటు లేక, అవి క్యారీబ్యాగులో హ్యాండిలుకి వేలాడాయి.

రాపూరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ముందు చక్రం కూర్చుంది. పంక్చర్ షాపాయన ట్యూబు ఊడదీసి, నీళ్ల తొట్లో ముంచి చూశాడు. బుడగలు ఒక్క చోట కాదు, గాలి కొట్టే నెక్ దగ్గర్నుంచి కూడా వస్తున్నాయి. నెక్ దగ్గర చినిగితే ప్యాచ్ నిలవదు. నేను గర్వంగా పెట్టె తెరిచి కొత్త ట్యూబు అందించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నా వైపు జాలిగా చూసి, 'ఇది ఎనక చక్రానిది గదన్నా' అన్నాడు.

ఆయన దగ్గర పదిహేడు ఉంది, పద్దెనిమిది ఉంది. ఇరవై ఒకటి ఆయన సర్వీసులో చూడలేదు.

'ఇంత చక్రం ఎందుకన్నా దీనికి?'

పెద్ద చక్రమైతే గుంటలో పడదు, రాయి అడ్డమొచ్చినా దొర్లుకుంటూ పోతుంది, అందుకే ఇలాంటి బండ్లకి ముందు చక్రం పెద్దది పెడతారని చెప్పాను.

'గుంటలో పడలేదులే. మేకు మీద ఎక్కింది' అన్నాడు, చేతిలో మేకు చూపిస్తూ.

నేను బస్సెక్కి నెల్లూరు వచ్చాను. నెల్లూరులో నేను తిరిగిన షాపుల్లో దొరకలేదు, చెన్నై నుంచి తెప్పించారు. మూడు రోజులు అల్లుడుగారు రాపూరు దారిలోనే విడిది చేశారు. నాలుగో రోజు పోయి చూస్తే పాపం ఆయన పట్ట కప్పి, మంచు పడకుండా తాడు కట్టి ఉంచాడు. ఆ ఊరి పిలకాయలంతా ఎక్కి ఫోటోలు దిగారట. ఒకడు నన్ను చూసి 'ఈయనే ఆ బండాయన' అని పక్కవాడికి చెప్పాడు. ఘాటు ఎక్కలేదు. సెలవు అయిపోయింది.

ఇక వైద్యం. మా మెకానిక్ భాయ్ కార్లకీ బైకులకీ స్టెతస్కోపు వాడని డాక్టరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. ఆ సమయంలో షాపులో ఎవరూ మాట్లాడరు, టీ కుర్రాడు కూడా గ్లాసులు చప్పుడు చెయ్యడు. తర్వాత కళ్లు తెరిచి, 'టాపెట్ కాదన్నా, లోపల చైను' అంటాడు. ఆ 'లోపల' అన్న మాట విన్నప్పుడల్లా నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది.

ఈ మధ్య హ్యాండిలు నడిమధ్యకి రాగానే టక్కుమని ఆగడం మొదలుపెట్టింది. భాయ్ ముందు చక్రం గాల్లోకి లేపి, ఒక్క వేలితో హ్యాండిలు తిప్పి చూపించాడు. 'కోన్ సెట్టన్నా. గుంటలకి బాల్స్ లోపలికి నొక్కుకుని గుంటలు పడుండాయి.' కోన్ సెట్టంటే హ్యాండిలు తిరిగే చోటి బేరింగు. నిజమే, ఎప్పుడూ నేరుగా పోతాం కాబట్టి దెబ్బలన్నీ ఒకే చోట పడతాయి, అక్కడే గాడి పడుతుంది. రోడ్డు మీద గుంట, లోపల దాని నకలు. ఈ బండి నిజంగా మన రోడ్లని గుండెల్లో పెట్టుకుంది. మార్చాలంటే పార్టు రావాలి. పార్టు రావాలంటే పాత మోడలుకి ఇంకా తయారవుతూ ఉండాలి. ఏది అడిగినా కౌంటరు కుర్రాడు కంప్యూటరు చూసి, 'రావట్లేదు సార్, కొత్త మోడల్ చూడకూడదా?' అంటాడు. అల్లుడికి మోకాలు నొప్పంటే కూతురికి వేరే సంబంధం చూడమన్నట్టు. చివరికి ఆటోనగర్లో లేత్ మిషను దగ్గర ఒక బుష్షు తిప్పించి, గ్రీజు పెట్టి, భాయ్ ఎలాగో నడిపించాడు.

ఒక్క విషయంలో మాత్రం నేను ప్రభుత్వాన్ని తప్పుపడతాను. మావాడికి ఏ చెడు అలవాటూ లేని రోజుల్లో, బంకులో పెట్రోలంటే దాదాపు పెట్రోలే. తర్వాత వందకి పది పాళ్లు ఇథనాల్ అన్నారు, 2025 నాటికి ఇరవై చేశారు. ఇథనాల్ అంటే ఏమిటి? మందే గదా. 2023 తర్వాత పుట్టిన బండ్లకి దాన్ని తట్టుకునే రబ్బర్లు పెట్టి పంపుతున్నారు, అవి పుట్టుకతోనే అలవాటు పడ్డాయి. 2016 వాడికి నడివయసులో తాగుడు నేర్పితే ఏమవుతుంది? కార్బొరేటర్ సీళ్లు ఉబ్బుతాయి, మైలేజీ పడిపోతుంది. పైగా ఈ సరుకు గాలిలో తేమని లాక్కుంటుంది, మనదేమో సముద్రపు గాలి. రెండు వారాలు బండి తీయకపోతే కార్బొరేటర్ గిన్నె అడుగున నీటి బొట్లు. చెరకుతోనే కాదు, నూకలతోనూ మొక్కజొన్నతోనూ చేస్తున్నారట. అంటే ఇల్లరికపు అల్లుడు మన బియ్యమే తిని, మన ఇంట్లోనే తాగి, పొద్దున లేవనంటున్నాడన్నమాట. ఏ మామైనా ఎంతకని ఓర్చుకుంటాడు?

మందుతో కానిది మొక్కుతో అవుతుందని మొహర్రంలో బారాషహీద్ దర్గాకి పోయాను. రొట్టెల పండగ మన ఊరికే ప్రత్యేకం. స్వర్ణాల చెరువులో నడుములోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు, తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె. నేను చాలాసేపు తడిశాను. బండి రొట్టె ఎవరి దగ్గరా లేదు. ఒక పెద్దావిడ నా మొహం చూసి, 'ఏం కావాల నాయనా?' అంది. ఎలా చెప్పాలో తెలియక 'బండి బాగవ్వాలమ్మా' అన్నాను. ఆమె చేతిలో ఉన్నది ఆరోగ్యం రొట్టె. సగం తుంచి ఇచ్చింది. 'దానికి గూడా పనికొస్తాదిలే' అంది.

ఆ తర్వాత వారమే మా ఆవిడ బండి ఫోటో తీసి అమ్మకానికి పెట్టింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆదివారం కావలి నుంచి ఒక అబ్బయ్య వచ్చాడు. కొత్త హెల్మెట్, కొత్త గ్లవ్స్, బండి ఒక్కటే తక్కువ. పెళ్లిచూపుల్లోలాగ చుట్టూ తిరిగి చూశాడు. లడాఖ్ పోతాడట. వచ్చే ఏడాది. అల్లుడుగారికి ఆరోజు ఏం పూనిందో, సెల్ఫ్ ముట్టుకోగానే లేచారు. దగ్గు లేదు, అలక లేదు. ఇంజను గుండ్రంగా, తియ్యగా తిరిగింది. ఏడేళ్లలో నేను అడిగితే ఒక్కసారి అలా లేవలేదు.

అబ్బయ్య ధర ఒప్పేసుకున్నాడు. ఒక్క రౌండు వేసొస్తానన్నాడు.

నేను ట్యాంకు తుడుస్తున్నట్టు వంగి, 'జాగ్రత్త, బ్రేకు కాస్త టైటు' అని ఏదో చెబుతూ, ఎడం చేత్తో పెట్రోలు కాక్ మూసేశాను. కాక్ మూసినా గిన్నెలో మిగిలిన పెట్రోలుతో బండి కొంత దూరం దర్జాగా పోతుంది. వీధి మలుపు తిరిగేదాకా చప్పుడు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. నేను పేపరు తీసి, చదివిన పేజీయే మళ్లీ చదివాను. మా ఆవిడ గేటు దాకా పోయి చూసి, కొంగు దోపుకుంటూ వెనక్కి వచ్చింది.

'ఆ పిల్లోడు ఎండలో తోసుకొస్తున్నాడు. వెళ్లి ఆ కాక్ తిప్పొస్తాను' అంది.

స్కూటరు బయటికి తీసింది. ఒక్క కిక్కుకి లేచింది.