సవరణ: సాసర్ మాగ్నోలియా కొమ్మలు కత్తిరించవలసిన సమయం

న్యూజెర్సీలో ఇంటి పెరట్లో సాసర్ మాగ్నోలియా (వసంతంలో పెద్ద పెద్ద గులాబీ, తెలుపు రంగుల పూలు పూసే చెట్టు) పెంచుకునేవారి కోసం ఇంతకుముందు రాసిన టపాలో, చెట్టు ఆకులు రాల్చి మోడుగా ఉండే ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరించాలని ఉంది. దయచేసి ఆ సూచనను పాటించవద్దు. కత్తిరింపు పూలు రాలిన వెంటనే, అంటే ఏప్రిల్ చివర లేదా మే నెలలో జరగాలి.

వసంతంలో ఆకుల కంటే ముందే విచ్చుకునే ఈ పూలకు మొగ్గలు అంతకుముందటి వేసవిలోనే ఏర్పడి, బూడిదరంగు నూగు కప్పుకొని చలికాలమంతా కొమ్మల చివర నిలిచి ఉంటాయి కాబట్టి, ఫిబ్రవరిలో ఆ కొసలను తీసేస్తే ఆ ఏడాది పూలను పోగొట్టుకున్నట్టే. వేలితో తడిమి చూస్తే తేడా తెలుస్తుంది: ఆకుమొగ్గ సన్నగా ఉంటుంది, పూమొగ్గ లావుగా, మెత్తని నూగుతో ఉంటుంది. ఎండిన, విరిగిన కొమ్మలను మాత్రం ఎప్పుడైనా తీయవచ్చు. పెద్ద కొమ్మల గాయాలు నెమ్మదిగా మానుతాయి కనుక, ఈ చెట్టు మీద కత్తెర ఎంత తక్కువగా వాడితే అంత మంచిదని నా అభిప్రాయం.

మన సంపెంగ కూడా మాగ్నోలియా ప్రజాతిలోనిదే అయినా, అది ఏడాది పొడవునా ఆకులతో ఉండే ఉష్ణప్రాంతపు చెట్టు. సంపెంగకు పాటించే అలవాట్లను సాసర్ మాగ్నోలియాకు ఉన్నవి ఉన్నట్టుగా అమలు చేయడం సరికాదు.

మరొక వివరణ కూడా అవసరం. పూలు విచ్చుకున్నాక రాత్రి గడ్డకట్టే చలికి మంచు పడితే రేకులు గోధుమరంగుకు తిరుగుతాయి. అది తెగులు కాదు కనుక మందు కొట్టవలసిన పని లేదు.