గ్యాస్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా ఇంట్లో తాతల కాలం నుంచీ మీ మాటే చెల్లుబాటు. తల తిరిగినా మీరే, నడుం పట్టేసినా మీరే, ఛాతీ బరువెక్కినా మీరే. డాక్టర్ కన్నా ముందు మిమ్మల్నే తలుచుకునేవాళ్లం. ఫీజు లేదు కదా!

పోయిన దసరాకి రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. "రాత్రి బజ్జీలు తిన్నారుగా, గ్యాసే" అంది మా ఆవిడ. సాయంత్రమయ్యేసరికి పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడేది. అదీ మీ ఖాతాలోనే రాశాం. పాదాల దాకా మీరెలా దిగారని ఒక్కరూ అడగలేదు చూడండి! వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఒక దిండు కాస్తా మూడయింది. అర్ధరాత్రి లేచి కూర్చుని, మీ కోసమని పొంగే పొడి నీళ్లలో కలుపుకుని తాగేవాణ్ని. ఉప్పులో ఉన్నట్టే అందులో ఉండేదీ సోడియమేనని, అసలే నీరు పట్టిన ఒంటికి అది ఇంకాస్త నీరు పట్టిస్తుందని తర్వాత తెలిసింది.

ఎక్స్‌రేలో మీరు కనబడలేదు. గుండె కనబడింది, ఛాతీ వెడల్పులో సగం దాటిపోయి. "గుండె పెరిగింది" అన్నారు డాక్టర్. వాడిది చిన్నప్పటి నుంచీ పెద్ద మనసేనని మా అమ్మ మురిసిపోయింది. ఎకో (గుండెకి తీసే స్కాన్) తీస్తే అసలు సంగతి బయటపడింది. కొట్టుకున్న ప్రతిసారీ లోపలి రక్తంలో సగానికి పైగా బయటికి నెట్టాల్సిన గుండె 35 శాతమే నెడుతోంది. కొందరికి కవాటాలు పాడై, కొందరికి తాగుడు వల్ల, వైరస్ వల్ల, కాన్పు రోజుల్లో కొందరు ఆడవాళ్లకీ ఇలా అవుతుందట. నాకు బీపీ. ఎనిమిదేళ్ల కిందట బిళ్ల వేసుకుంటే నార్మల్‌కొచ్చింది. వచ్చింది కదా అని మానేశాను. ఆ పోటుకి ఎదురొడ్డి రక్తం తోడీ తోడీ గుండె కండ ముందు మందమైంది, తర్వాత పాత బనియన్ మెడలా సాగిపోయింది.

ఇప్పుడు నాలుగు రకాల బిళ్లలు. పొద్దున్నే బరువు చూసుకోవడం (రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టర్‌కి ఫోన్). ఉప్పు రోజు మొత్తానికి టీ చెంచా దాటకూడదు. ఆవకాయ జాడీ అటకెక్కింది. ఆ బాధ మీకేం తెలుస్తుంది లెండి. ఆరు నెలలకి గుండె నెట్టే ఆ 35 శాతం కాస్తా 45 అయింది.

మొన్న ముద్దపప్పు దండిగా లాగించాక పొట్టలో గడబిడ. ఈసారి నిజంగా మీరే. ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. అర్ధరాత్రి ఆటోలో తీసుకెళ్లి ఈసీజీ తీయించారు.

ఇట్లు,
మీ పాత భక్తుడు