ఇంటర్నెట్ గురించి పుస్తకాలు చదవడం దండగ అంటున్నవాళ్లకు

ఇంటర్నెట్ గురించీ సోషల్ మీడియా గురించీ పుస్తకాలు చదవడం దండగ అనే మాట ఒకటి ఈ మధ్య తెగ తిరుగుతోంది. మీరూ చూసే ఉంటారు. అందులో చెప్పేది ఇదీ: ఆ పుస్తకాలు అచ్చయ్యేలోపే పాతబడిపోతాయి, వాటిలో ఉన్నదంతా నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, రాసేవాళ్లు నెట్ సరిగ్గా వాడని ప్రొఫెసర్లు, పైగా అందరిదీ భయపెట్టే ధోరణే, అయినా పొద్దున లేచింది మొదలు నెట్‌లోనే ఉండే మనకు దాని గురించి పుస్తకం ఎందుకు? చదవగానే నిజమే కదా అనిపించేలా ఉంటుంది. అందుకే ఒక్కో ముక్కకీ జవాబు రాద్దామని కూర్చున్నాను. నాకు అర్థం కాని చాలా సంగతులు ఈ పుస్తకాల వల్లే అర్థమయ్యాయి, ఈ మాట నమ్మి ఎవరైనా వాటిని ముట్టుకోకుండా వదిలేస్తే నాకు నిజంగా బాధ.

ముందు పాతబడటం సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఫలానా యాప్‌లో ఫాలోవర్లను ఎలా పెంచుకోవాలో చెప్పే పుస్తకం ఏడాది తిరక్కుండానే పనికిరాకుండా పోతుంది, ఆ కంపెనీ ఒక్క బటన్ మార్చినా చాలు. కానీ వాటిని చూపించి అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? నీల్ పోస్ట్‌మన్ ‘అమ్యూజింగ్ అవర్‌సెల్వ్స్ టు డెత్’ 1985లో వచ్చింది. టీవీ గురించిన పుస్తకం అది, అప్పటికి వెబ్ పుట్టనే లేదు. అందులో టెలిగ్రాఫ్ గురించి ఒకచోట రాస్తాడు: టెలిగ్రాఫ్ రాకముందు మనిషి చెవిన పడే వార్తల్లో చాలావాటి విషయంలో అతను ఏదో ఒకటి చేయగలిగేవాడు, తీగల మీద వార్తలు పరిగెత్తడం మొదలయ్యాక ఎక్కడెక్కడివో వచ్చి పడ్డాయి, తెలుసుకోవడమే తప్ప వాటి గురించి చేయగలిగింది ఏమీ లేదు అని. రాత్రి పడుకునే ముందు స్క్రోల్ చేస్తూ ఒక యుద్ధం, ఒక పెళ్లి, ఒక ప్రమాదం, ఒక డాన్సు వరసగా చూసేసి, ఫోన్ పక్కన పెట్టాక మనసు ఎందుకింత బరువుగా ఉందో తెలియక దొర్లేవాళ్లు ఆ పేజీలు ఒక్కసారి చదవాలి. అందులో ఫోన్ అనే మాట కనబడదు, కానీ మన టెన్షన్ కనబడుతుంది.

ఇంకో ఉదాహరణ చెప్తాను, దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమనుకోకండి. 1990లో పావెల్ కర్టిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ల్యాంబ్డామూ అనే ఆన్‌లైన్ లోకాన్ని మొదలుపెట్టాడు. బొమ్మల్లేవు, శబ్దాల్లేవు, అంతా అక్షరాలే. ఒక పెద్ద ఇల్లు, అందులో గదులు, ఆ గదుల్లో మారుపేర్లతో తిరిగే మనుషులు, అన్నీ టైప్ చేసిన వాక్యాలే. అక్కడ ఒకరోజు ఒకడు చిన్న ప్రోగ్రామ్ సాయంతో, వేరేవాళ్ల పాత్రలు వాళ్ల ఇష్టంతో పని లేకుండా లైంగికంగా అవమానకరమైన పనులు చేస్తున్నట్టు అందరి తెరల మీదా కనిపించేలా చేశాడు. ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు. అయినా బాధితుల్లో ఒకామె దాని గురించి అక్కడివాళ్లకు రాస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. తర్వాత అందరూ ఒకచోట చేరి గంటల తరబడి వాదించుకున్నారు. ఇది నేరమా, ఉత్త మాటలేనా? శిక్ష వేసే హక్కు ఎవరికుంది? ఖాతా పీకేస్తే కొత్త పేరుతో రాడా? ఏదీ తేలలేదు. చివరికి నిర్వాహకుల్లో ఒకరు తనంతట తానే అతని ఖాతా తీసేశారు. కొన్నాళ్లకు అతను ఇంకో పేరుతో వచ్చేశాడు కూడా. కర్టిస్ మాత్రం ఇలాంటివి ఇకమీదట వాడేవాళ్లే ఓటు వేసి తేల్చుకునే పద్ధతి పెట్టాడు.

జూలియన్ డిబెల్ అనే అమెరికన్ రచయిత దీన్ని 1993లో వ్యాసంగా రాశాడు, 1998లో వచ్చిన అతని పుస్తకంలో అది చేరింది. ఇప్పుడు చెప్పండి, ఇది పాతబడిందా? ఈరోజు ఎవరో ఒక అమ్మాయి ముఖాన్ని ఏఐతో అసభ్య వీడియోకి తగిలిస్తే, “అది నిజం వీడియో కాదు కదా, ఎందుకంత బాధ?” అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సరిగ్గా ఆ ప్రశ్న మీదే అక్కడ అంతమంది కూర్చుని వాదించుకున్నారు. వాళ్లు ఎక్కడిదాకా ఆలోచించారో తెలిస్తే మనం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.

ఇక అన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయన్న మాట. ఏవి దొరుకుతాయి? జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో మూతపడింది. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది, దానితో పాటు ఎంతమంది స్క్రాప్‌లు, ఎన్ని కమ్యూనిటీల కబుర్లు పోయాయో తలచుకుంటేనే ఏదోలా ఉంటుంది. యాహూ ఆన్సర్స్ 2021లో ఆగిపోయింది. మైస్పేస్‌లో జనం ఏళ్ల తరబడి ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2024లో ఒక లెక్క ఇచ్చింది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు గడిచేసరికి తెరుచుకోవడం లేదట. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి దాచగలిగినంత దాస్తూనే ఉంది, వాళ్లకు ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను, కానీ పేజీ మిగిలినా ఆ పేజీ చుట్టూ జనం ఏం మాట్లాడుకున్నారు, ఆ జోకుకి ఎందుకు నవ్వారు అన్నది మిగలదు. అది మిగిలేది అప్పుడక్కడ ఉండి చూసి రాసిన మనిషి పుస్తకంలోనే. అంటే పాతబడేది పుస్తకం అంటున్నారు గానీ, మాయమైపోతున్నది నెట్.

ఉచితం కావాలన్నా ఈ పుస్తకాల్లో చాలావాటిని రచయితలే చట్టబద్ధంగా ఉచితంగా ఇచ్చారు. యోకాయ్ బెంక్లర్ ‘ద వెల్త్ ఆఫ్ నెట్‌వర్క్స్’, జెయ్‌నెప్ టుఫెక్చీ ‘ట్విటర్ అండ్ టియర్ గ్యాస్’ అలా దొరుకుతాయి. తొమ్మిదిమంది మానవశాస్త్రవేత్తలు చైనా, బ్రెజిల్, టర్కీ, ఇండియా లాంటి దేశాల్లో తలా పదిహేను నెలలు జనం మధ్య ఉండి, వాళ్లు సోషల్ మీడియాను ఎలా వాడుతున్నారో చూసి రాసిన వరస పుస్తకాలను యూసీఎల్ ప్రెస్ 2016 నుంచి వేసింది, అన్నీ ఉచితమే. పదిహేను నెలలు ఒకచోట ఉండి చూసింది పదిహేను నిమిషాల వీడియోలో పట్టదు. వీడియోలో చివరి మాట ఒక్కటే వినిపిస్తుంది, ఆ మాటకు ఎలా వచ్చారో కనిపించదు, కాబట్టి తప్పెక్కడుందో పట్టుకునే అవకాశం కూడా మనకు ఉండదు.

ప్రొఫెసర్ల గురించి అన్న మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘ద వర్చువల్ కమ్యూనిటీ’ రాసిన హోవర్డ్ రైన్‌గోల్డ్ 1985 నుంచి ద వెల్ అనే ఆన్‌లైన్ బృందంలో రోజూ గంటలకొద్దీ గడిపినవాడు. పాప తలకి పిడుదు పట్టుకుంటే భార్య డాక్టర్‌కి ఫోన్ చేసింది, ఇతను ఆన్‌లైన్‌లో అడిగాడు, డాక్టర్ దగ్గర్నుంచి ఫోన్ తిరిగి వచ్చేసరికి ఆన్‌లైన్‌లో వచ్చిన జవాబు చూసి పిడుదును తీసేశాడు కూడా. ఆ పుస్తకం 1993లో వచ్చింది. గేబ్రియెల్లా కోల్‌మన్ ప్రొఫెసరే, కానీ అనానిమస్ అనే హ్యాకర్ల గుంపు చాట్‌లలో ఏళ్లు గడిపాకే వాళ్ల గురించి రాసింది. అన్నట్టు, మనం రోజుకి పదిసార్లు వాడే మీమ్ అనే మాట కూడా ఒక ఆక్స్‌ఫర్డ్ జీవశాస్త్రవేత్త పుస్తకంలోదే: రిచర్డ్ డాకిన్స్ 1976లో రాసిన ‘ద సెల్ఫిష్ జీన్’.

అందరూ భయపెడతారు అన్నది ఈ పుస్తకాలు చదవనివాళ్లు మాత్రమే అనగలిగే మాట. క్లే షిర్కీ 2008లో, జనం ఎవరి పెత్తనం లేకుండా కలిసి పనులు చేసుకునే రోజులొచ్చాయని ఉత్సాహంగా రాశాడు. 2011లో ఎవ్‌జెనీ మొరొజోవ్, అదే నెట్ నియంతల చేతికి నిఘా పరికరంగా దొరుకుతుందని ఆ ఉత్సాహం మీద దాడి చేశాడు. టుఫెక్చీ 2017లో ఇద్దరికన్నా నెమ్మదిగా ఆలోచించింది: అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం జరిగిన 1963 వాషింగ్టన్ ప్రదర్శనకు నెలల తరబడి బస్సులు, మైకులు, తిండి అన్నీ కూడబెట్టుకోవడంలోనే ఆ ఉద్యమానికి బలం పెరిగింది, ఇప్పుడు నెట్ వల్ల లక్షలమంది ఇట్టే చేరిపోతున్నారు గానీ మర్నాడు ఏం చేయాలో కలిసి తేల్చుకునే అలవాటు వాళ్లకు ఉండటం లేదు అంటుంది. ఇందులో భయపెట్టడం ఎక్కడుంది? భయపెట్టేవీ ఉన్నాయి, కాదనను. ఇలై పరైజర్ 2011లో నెట్ మనకు నచ్చేవే చూపిస్తూ మనల్ని ఒక బుడగలో మూసేస్తుందని, ఫిల్టర్ బబుల్ అనే భయం పుట్టించాడు, అందరం నమ్మాం. 2019లో ఆక్సెల్ బ్రన్స్ అనే పరిశోధకుడు అసలా బుడగ ఉందా అని అడుగుతూ, దానికి ఆధారాలు ఎంత పలచగా ఉన్నాయో చూపిస్తూ పుస్తకమే రాశాడు. ఒక పుస్తకం పప్పులో కాలేస్తే పేజీలకు పేజీలు ఖర్చుపెట్టి చెప్పేది ఇంకో పుస్తకమే.

చివరిది, మనం అందులోనే బతుకుతున్నాం కదా అన్నది. బతుకుతున్నాం, కానీ మనకు కనిపించేది తెర ఇవతలి వైపే. ఒక దారుణమైన వీడియో కనిపిస్తే రిపోర్ట్ కొడతాం, కాసేపటికి అది ఉండదు, కంప్యూటరే తీసేసిందనుకుంటాం. సారా రాబర్ట్స్ అనే పరిశోధకురాలు 2010 నుంచి ఆ అవతలి వైపు వెతికింది. అక్కడ మనుషులు ఉన్నారు, ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగులు, అమెరికాలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ షిఫ్టుల లెక్కన కూర్చుని, మనం చూడలేక రిపోర్ట్ కొట్టినవన్నీ చూస్తున్నవాళ్లు, చూసింది ఎవరికీ చెప్పబోమని సంతకాలు పెట్టినవాళ్లు. వాళ్లతో మాట్లాడి ఆమె రాసిన ‘బిహైండ్ ద స్క్రీన్’ 2019లో వచ్చింది. అన్నేళ్లుగా రోజూ నెట్ వాడుతున్నా నాకు ఆ మనుషులు ఉన్నారనే తెలియదు. ఇప్పుడు రిపోర్ట్ కొట్టే ముందు వేలు ఒక్క క్షణం ఆగుతుంది, కొట్టడం మానను, కానీ అది ఇంకొకరి కళ్ల ముందుకి వెళ్తోందని తెలిసే కొడుతున్నాను.