గ్లాసుడు నీళ్ళు చెరువు లెక్క చెప్పవు

"గ్లాసుడు నీళ్ళు ల్యాబ్‌కి పంపితే చాలు. చెరువులో ఏయే జీవులున్నాయో, ఎన్నున్నాయో మొత్తం చెప్పేస్తారు. ఇక వలలూ సర్వేలూ నిపుణులూ అక్కర్లేదు." జీవులు నీటిలో, గాలిలో వదిలే డీఎన్ఏ, అంటే పర్యావరణ డీఎన్ఏ మీద జరిగే ఆన్‌లైన్ సెమినార్ల నుంచి ఒక స్లైడ్ కత్తిరించి, దానికింద ఈ మాట రాసి పంచుతున్నారు. ఆ సెమినార్లు నేనూ వింటాను. చివర ప్రశ్నల సమయంలో పరిశోధకులు ఎక్కువగా మాట్లాడుకునేది ఈ పద్ధతి ఎక్కడ పొరబడుతుందన్న సంగతే. ఆ భాగాన్ని ఎవరూ పంచరు.

పద్ధతి మాత్రం నిజం. జీవులు రాలిన చర్మం, జిగురు, మలం ద్వారా నీళ్ళలో డీఎన్ఏ వదులుతాయి. ఆ నీటిని వడకట్టి, కోవిడ్ రోజుల్లో మనమంతా విన్న పీసీఆర్‌తోనే అందులోని డీఎన్ఏ ప్రతులను పెంచి చదువుతారు.

గ్లాసుడు చాలన్న మాట చూద్దాం. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు 15 మిల్లీలీటర్ల నీటి నమూనాల్లోనే అమెరికన్ బుల్‌ఫ్రాగ్ జాడ పట్టారు. కానీ వాళ్ళు వెతికింది ఒక్క కప్ప కోసం, చిన్న చిన్న కుంటల్లో. 2018లో స్కాట్లండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఏమేం ఉన్నాయో చూడడానికి జన్యు శాస్త్రవేత్త నీల్ గెమ్మెల్ బృందం వేర్వేరు చోట్ల, వేర్వేరు లోతుల్లో దాదాపు 250 నమూనాలు తీయాల్సి వచ్చింది.

ఎన్నున్నాయో చెబుతుందనే మాటకు జవాబు కూడా ఆ సరస్సులోనే దొరుకుతుంది. నెస్సీ అనే రాక్షస సరీసృపం ఉందని కథలు చెప్పుకునే సరస్సు అది. అక్కడ సరీసృపాల డీఎన్ఏ ఏమీ దొరకలేదు. పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేప డీఎన్ఏ మాత్రం దాదాపు ప్రతిచోటా కనిపించింది. అది పెద్ద ఈల్‌దా, చాలా చిన్న ఈల్స్‌దా అన్నది డీఎన్ఏ చెప్పలేదని గెమ్మెల్ స్పష్టంగానే అన్నారు. అయినా "నెస్సీ అంటే రాక్షస ఈల్ అని తేలింది" అని ప్రచారమైంది. ఒక చేప ఎంత డీఎన్ఏ వదులుతుందో దాని సైజును బట్టీ, గుడ్లు పెట్టే కాలాన్ని బట్టీ మారుతుంది. ఎంతసేపు నిలుస్తుందో ఎండను బట్టీ, నీటి వేడిని బట్టీ మారుతుంది. ఇన్ని మారుతుంటే డీఎన్ఏ మోతాదు చూసి చేపల్ని లెక్కపెట్టడం ఎలా? బాగా పరీక్షించిన కొన్ని చోట్ల ఎక్కువా తక్కువా అని అంచనా వేయగలం, అంతవరకే.

డీఎన్ఏ కనిపిస్తే ఆ జీవి అక్కడే బతుకుతున్నట్టా? ఇంగ్లండ్, డెన్మార్క్ జూలలో గాలి నుంచే డీఎన్ఏ పట్టిన రెండు అధ్యయనాలు 2022లో వచ్చాయి. జంతువులతోపాటు వాటికి మేతగా వేసిన మాంసం డీఎన్ఏ కూడా బయటపడింది. మన ఊరి సంతలో వంజరం కడిగిన నీళ్ళు చెరువులో కలిస్తే ఈ పరీక్షలో సముద్రపు చేప కనిపించవచ్చు. పారే నీరైతే ఎగువన ఎక్కడో ఉన్న జీవి జాడ కిలోమీటర్ల దిగువన తేలుతుంది.

నాకు అసలు టెన్షన్ దీని తలకిందుల వాదనతో. "డీఎన్ఏ దొరకలేదు, కాబట్టి ఆ జీవి లేదు." అరుదైన తాబేలు తక్కువ డీఎన్ఏ వదలొచ్చు, బురద నీరు పీసీఆర్‌ను అడ్డుకోవచ్చు, నమూనా తప్పు సీజన్‌లో తీసి ఉండొచ్చు. చెరువు పూడ్చాలనుకునే వాళ్ళ చేతికి "ఏమీ దొరకలేదు" అన్న కాగితం ఒక్కటి అందితే, వచ్చే నష్టం ఆ తాబేలుకే.

ఇక నిపుణులు అక్కర్లేదట! నీటిలో దొరికిన డీఎన్ఏ ముక్కను పోల్చడానికి ముందే సిద్ధంగా ఉన్న జాబితా కావాలి. అందులో లేని జీవికి పేరు రాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చిలికా సరస్సు నీటితో బ్యాక్టీరియా నుంచి జంతువుల దాకా అన్నిటినీ వెతికినప్పుడు, తేలిన వైవిధ్యాన్ని చెప్పింది జీవ కుటుంబాల లెక్కన. కుటుంబం తెలిసినంత మాత్రాన జాతి తెలిసినట్టు కాదు. ఆ జాబితాలోకి ఒక చేప ఎక్కాలంటే ముందు ఎవరో దాన్ని వలవేసి పట్టాలి, రెక్కలూ పొలుసులూ చూసి ఫలానా జాతి అని గుర్తించాలి, ఆ తర్వాతే దాని డీఎన్ఏ చదవాలి.