డబ్బున్న నిరుపేద

పేదవాణ్ణి కొలవడంలో మన చట్టాలకున్న శ్రద్ధ ఇంకెవరికీ లేదు. 1977 నాటి అసైన్డ్ భూముల (అంటే సర్కారు పేదలకిచ్చిన భూముల) బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం భూమిలేని నిరుపేద అంటే, వేరే జీవనాధారం లేకుండా, మాగాణి 1.011715 హెక్టార్లకు మించి లేనివాడు. చుక్క తర్వాత ఆరంకెలు! బంగారం కొట్టు త్రాసు కూడా ఇంత సన్నంగా తూచదు.

సర్కారు ఇలా ఇచ్చిన భూమిని (కాగితాల్లో దీని పేరు డి.కె.టి. పట్టా, తెలంగాణలో లావుణి పట్టా) దున్నుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్మకూడదు. అమ్మినా చెల్లదు. కొన్నవాడి దగ్గర లాక్కుని మొదటి పేదకే తిరిగివ్వాలి. ఇంతవరకూ భేష్. చట్టం రాకముందే సద్భావంతో డబ్బిచ్చి కొన్న నిరుపేద జోలికి మాత్రం పోవద్దంది. పోనీలే అనుకుంటే, 2007లో సవరించి, చట్టం వచ్చాక కొన్న నిరుపేదలకూ ఆ భూమిని మళ్లీ అసైన్ చేయొచ్చన్నారు. భూమి కొనేంత డబ్బున్న నిరుపేద!

ఆ మహానుభావుడు తహసీల్దారు ఆఫీసుకి ఎలా వస్తాడో ఊహించండి. కారు సందు మొదట్లోనే ఆపిస్తాడు, పేదరికం మాసిపోకుండా. ఉంగరాలు డ్రైవర్ చేతిలో పెడతాడు. వాచీ తీస్తాడు. ఇస్త్రీ చొక్కా కాస్త నలుపుతాడు. లోపలికెళ్లగానే గుమాస్తా లేచి కుర్చీ వేస్తాడు. "అయ్యో, నిరుపేదను, నించుంటాలే" అంటాడు ఈయన. "కూర్చోండి సార్, మీలాంటి నిరుపేదలు మాకు అలవాటే" అంటాడు ఆయన. టీ వస్తుంది. ఈలోపు ఫోన్ మోగుతుంది: "ఆ, ఆ వెంచర్‌లో కార్నర్ ప్లాట్లు నాకే ఉంచు." గుమాస్తా వినిపించుకోడు. ఫైల్లో రాస్తాడు: వేరే జీవనాధారం లేదు.

అసలు పట్టాదారు అప్పుడు ఎక్కడున్నాడు? వరండాలో నిలబడి ఉన్నాడు. ఆస్పత్రి ఖర్చుకో, కూతురి పెళ్లికో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి, ఇప్పుడు అదే చేలో కూలికి పోతున్నాడు. అతనికి కుర్చీ లేదు, టీ లేదు. భూమి వెనక్కి ఇప్పించే 4వ సెక్షన్ ఉందని ఒక్కడూ చెప్పడు. సిగ్గుండాలి! అతని పేరు మీద తెచ్చిన చట్టమయ్యా ఇది! సర్కారే ఇలాంటి భూమిని వెనక్కి తీసుకున్నప్పుడు "మేమిచ్చిందే కదా" అని పరిహారంలో కోత కోసింది. సొంత పట్టా భూములతో సమానంగా ఇవ్వాలని చేవెళ్ల భూసేకరణ కేసులో 2004లో హైకోర్టు చెప్పాల్సొచ్చింది. ఆమాత్రం న్యాయానికి కోర్టు దాకా ఎక్కాలా?

2023లో ఆంధ్రప్రదేశ్ ఇంకా దయ తలచింది. అసైన్ చేసి 20 ఏళ్లు నిండితే మూల పట్టాదారు అమ్ముకోవచ్చంది. వేలిముద్ర ఎప్పుడో వేసేసినవాడికి అమ్మడానికి ఇంకేం మిగిలింది, ఇంకో వేలిముద్ర తప్ప? దానికోసం నిరుపేదగారు ఆటో పెట్టించి మరీ రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్తారు. తిరుగు ఛార్జీ మాత్రం అతనే పెట్టుకోవాలి.