సగం బ్రష్షు సన్యాసం

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఒక సన్యాసి ఉన్నారు. పేరు చెప్పను. ఇల్లు వదిలినవాళ్లను పూర్వాశ్రమం పేరు అడగకూడదని మా తాతగారు అనేవారు. ఈయన ఇల్లు వదల్లేదు, దాని మీద ఇంకా పదకొండేళ్ల ఈఎంఐ ఉంది, అయినా మర్యాద మర్యాదే. ఫ్లాట్ నంబరు 402 కాబట్టి 402 గారు అనుకుందాం.

402 గారు పోయిన ఉగాదికి మినిమలిస్టు అయ్యారు. అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. ఉన్న సామానంతా పారేసి, అదే సామాను చిన్న సైజులో పదింతల ధరకు కొనుక్కోవడం అని చెప్పాను. "ఓస్, అంతేనా" అని పప్పు తాలింపు పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

ఆవిడ అంత తేలిగ్గా తీసుకుంది గానీ నావల్ల కాలేదు. దీక్ష పుచ్చుకున్న వారానికే ఆయన మా ఇంటికి కాఫీకొచ్చారు. వంటింటి గూట్లో వరసగా ఉన్న జాడీలను చూసి, ఎక్స్‌రే చూసిన డాక్టరులా పెదవి విరిచి, "ఇన్ని అవసరమా అంకుల్?" అన్నారు. అందులో ఒకటి మా అమ్మది. "తక్కువే ఎక్కువ అంకుల్" అని కూడా సెలవిచ్చారు. ఆ వాక్యాన్ని ఏ దేశం నుంచి డ్యూటీ కట్టకుండా దింపుకున్నారో నాకు తెలియదు. మర్నాడు పొద్దున సెల్లార్‌లో నా పార్కింగు స్థలంలో ఒక ఎక్సర్‌సైజు సైకిలు, రెండు బీన్ బ్యాగులు, ఒక మసాజు కుర్చీ వెలిశాయి. త్యాగం చేశారట. త్యాగం చేసినవాటిని ఎక్కడ పెట్టాలో ఆ శాస్త్రంలో రాసిలేదు కాబట్టి నా స్కూటరు పక్కన పెట్టారు.

ఆ తర్వాత బ్రష్షు. ఓ రోజు లిఫ్టులో కనబడి జేబులోంచి పళ్లు తోముకునే బ్రష్షు తీసి చూపించారు. పిడి సగానికి కోసి ఉంది. కోసిన చోట గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశారు. "బరువు తగ్గించాను అంకుల్. ప్రయాణంలో ప్రతి గ్రామూ లెక్కే." ఏ ప్రయాణం బాబూ అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

తన థార్ జీపును ఓడ ఎక్కిస్తారట. హైదరాబాద్ నుంచి ముంబై దగ్గర నవా షేవా రేవుకి, అక్కడి నుంచి సముద్రం మీద దుబాయ్ దగ్గర జెబెల్ అలీకి. అక్కడ దింపుకుని ఒమన్ మీదుగా ఎడారుల్లో, ఏమీ లేకుండా, కేవలం తానూ బండీ ఆకాశమూ. దీన్ని ఓవర్‌ల్యాండింగ్ అంటారట. నేల మీద ప్రయాణమన్నమాట. మొదలయ్యేది నీళ్ల మీద. ఆ మాటంటే ఆయన జాలిగా నవ్వి, పడమట పాకిస్తాన్, ఉత్తరాన గైడు వెంట లేనిదే చక్రం కదలనివ్వని చైనా, తూర్పున 2021 సైనిక తిరుగుబాటు దగ్గర్నుంచి నమ్మకంలేని మయన్మార్ దారి అని దిక్కులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు. నిజమే పాపం. మన దేశంలో పుట్టిన కారుకి నేల మీద సులువుగా పారిపోయే దారి లేదు.

మూణ్ణెల్లపాటు పార్సిళ్లు వచ్చాయి. వాచ్‌మన్ నడుం పట్టేసింది. బండి నెత్తిన వేసే గుడారం ఒకటి, అరవై కిలోలు. దాన్ని మోయడానికి ఇనుప చట్రం. చట్రం బరువుకి స్ప్రింగులు కుంగుతాయి కాబట్టి గట్టి స్ప్రింగులు. స్ప్రింగులు బండిని పైకెత్తాయి కాబట్టి పెద్ద టైర్లు, ఎక్కడానికి మెట్టు. 45 లీటర్ల ఫ్రిజ్జు. ఫ్రిజ్జుకి రెండో బ్యాటరీ, ఆ బ్యాటరీకి సోలార్ పలక. నీడకు పందిరి. ఇసుకలో దిగబడితే పైకి లాగే విన్చి. ఇవన్నీ లేకుండా బతకడం ఎలాగో తెలుసుకోవడానికి పోతున్న ప్రయాణాన్ని పైనుంచి చూపించడానికి డ్రోను. నిలువెల్లా దాదాపు రెండు టన్నులైన ఆ మూట మీద, అద్దం పక్కన, సగం బ్రష్షు. కొండకు కత్తెరేసి వెంట్రుక తగ్గించినట్టు.

చివరికి మా ఇంటికొచ్చి మూడు కిలోల ఆవకాయ అడిగారు. ఏ జాడీలోంచి పెట్టమంటారని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ నా కాలు తొక్కి, అమ్మ జాడీలోంచే తీసి సీసాలో పెట్టి ఇచ్చింది.

ఈ మధ్యలో కాగితాల పర్వం. కారుని పరాయి దేశంలోకి తీసుకుపోయి సుంకం కట్టకుండా తిరిగి తెచ్చుకోవాలంటే కార్నే అనే పుస్తకం కావాలి. ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది, కారుకి పాస్‌పోర్టు అనుకోండి. అయిదు పేజీలదీ, పదిదీ, పాతికదీ ఉంటాయి. ఒక్కో పేజీ మూడు ముక్కలు. దేశంలోకి వచ్చినప్పుడు ఒక ముక్క చింపుకుంటారు, పోతున్నప్పుడు ఇంకో ముక్క చింపుకుంటారు, మూడోది రెండు ముద్రలతో పుస్తకాన్ని అంటుకునే ఉంటుంది: వచ్చింది, పోయింది అని సాక్ష్యం. బండి రంగు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, సీట్లెన్ని, సీట్ల గుడ్డ ఏమిటి, స్టెపినీ టైర్లెన్ని, రేడియో ఏ కంపెనీది, అన్నీ అందులో ఎక్కుతాయి. దీనికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. బండి అక్కడే ఉండిపోతే ఆ దేశపు సుంకమంతా ఆ గ్యారంటీలోంచి లాగేస్తారు. సీట్ల గుడ్డ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కంటైనర్ డిపోకి నన్ను తీసుకెళ్లింది వీడియో తీయడానికి. క్లియరింగ్ ఏజెంటు నెమ్మదైన మనిషి. ముందు ప్యాకింగు లిస్టు అడిగాడు. బండిలో ఉన్న ప్రతి వస్తువూ అందులో ఉండాలి కదా. 402 గారు సంచిలోంచి తీసి ఇచ్చారు. ఏడు పేజీలు. మొదటి పేజీ మొదటి లైను: టైటానియం చెంచా, ఒకటి. ఏజెంటు కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, "సార్, పోయిన నెల ఒకాయన పెళ్లాం పిల్లలతో సింగపూర్ మకాం మార్చాడు. ఆయన లిస్టు రెండు పేజీలే" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే బయటికి లాగాడు. చిన్న గ్యాసు సిలిండరు: ఓడలో ఒప్పుకోరు. ట్యాంకులో డీజిలు: తోడేయాలి, అడుగున కాస్త ఉంచుకోవచ్చు. ఆవకాయ: తిండి పదార్థాలతో తలనొప్పి, వద్దు. సీసా వచ్చి నేల మీద కూర్చుంది.

ఇప్పుడు కంటైనరు. ఇరవై అడుగులది తీసుకున్నారు, మినిమలిస్టు కదా. దాని తలుపు ఎత్తు 2.28 మీటర్లు. ఏజెంటు టేపు పెట్టి బండి కొలిచాడు. గుడారంతో కలిపి 2.31. మూడు సెంటీమీటర్లు. బ్రష్షు పిడి కోసిన ముక్క కంటే తక్కువే ఉంటుంది బహుశా.

"గాలి తీసేద్దాం సార్" అన్నాడు ఏజెంటు. 402 గారు ఉలిక్కిపడ్డారు. టైర్లలో అని తర్వాత అర్థమైంది. నాలుగు టైర్లూ బుస్సుమన్నాయి. బండి పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకుని లోపలికి రెండడుగులు వేసింది, పైన కర్రుమంది, వెనక్కొచ్చేసింది. ఇక గుడారం విప్పాల్సిందే. 402 గారు పద్నాలుగు పనులు చేసే ఒకే ఒక్క పనిముట్టు తీశారు. అది సీసా మూత తీస్తుంది, చేప పొలుసు గీస్తుంది, రంపమవుతుంది, బోల్టు మాత్రం విప్పదు. బండి కట్టే కుర్రాడు లుంగీ నడుములోంచి పదమూడో నంబరు పానా తీసి పావుగంటలో దింపేశాడు.

"మేం పెడతాం సార్ లోపల" అని కూడా అన్నాడు. వినలేదు. రీలు కావాలి కదా. 402 గారే ఎక్కారు. కళ్లజోడు, టోపీ, మెడలో తువ్వాలు. బండి బుద్ధిగా లోపలికి పోయింది. కంటైనరు తలుపు వెడల్పు 2.34, థార్ వెడల్పు 1.82. లెక్క చేసుకోండి: రెండు పక్కలా ఒక్కో జానెడు. బండి తలుపు జానెడు తెరుచుకుంది, ఆగింది. ఆ జానెడులోంచి ముందు ఒక చెయ్యొచ్చింది, తర్వాత మోకాలొచ్చింది, తర్వాత ఇంకేమీ రాలేదు. వెనక నుంచి వద్దామంటే వెనకంతా మినిమలిజం పైకప్పుదాకా పేర్చి ఉంది. కంగారులో మోచెయ్యి హారను మీద పడింది. ఇనప్పెట్టెలో హారను మోత ఎలా ఉంటుందో విన్నారా? డిపో మొత్తం వచ్చింది. కిటికీలోంచి లాగారు. భుజాలదాకా సులువుగానే వచ్చారు. పొట్ట దగ్గర ఆగారు. "ఊపిరి వదలండి సార్, మొత్తం వదిలేయండి" అంటున్నాడు ఏజెంటు. అన్నీ వదిలేయమని ఏడాదిగా మాకు చెబుతున్న మనిషి ఊపిరొక్కటీ వదల్లేకపోయారు. నేను వీడియో తీస్తూనే ఉన్నాను. అడిగింది అదే కదా.

బయటపడ్డాక నీళ్లు తాగి, తేరుకుని, నేల మీది ఆవకాయ సీసా చూసి పానా కుర్రాడికి ఇచ్చేశారు. "వదిలేయడంలోనే ఉంది అంకుల్" అన్నారు నాతో. మా అమ్మ జాడీలో ఊరిన ఆవకాయ.

కుర్రాడన్నాను గానీ నలభై ఉంటాయి. చక్రాల కింద చెక్కదిమ్మలు కొట్టి, పట్టీలు బిగించి, బ్యాటరీ తీగ విప్పి వచ్చి, సీసా మూత తీసి వాసన చూసి కాసేపు అలాగే ఉన్నాడు. "బండి జెబెల్ అలీ వోతదా సార్? నేను ఆడ ఏడేండ్లు జేసిన." జగిత్యాల దగ్గర ఊరట. క్యాంపులో గదికి పన్నెండు మంది, తలా ఒక సూట్‌కేసు, అది మంచం కింద. ఆవకాయ డబ్బా ఎవరికైనా వస్తే పన్నెండు పంపకాలు. పాస్‌పోర్టు? "కంపెనీ డ్రాయర్ల ఉండె సార్. నా చేతిల ఉన్నది రెండే దినాలు. పోయిననాడు, వచ్చిననాడు."

ఇక్కడి నుంచి నాకు వ్యంగ్యం రాయడం చేతకాదు, క్షమించండి.

ఇనప బండికి పుస్తకం ఉంది. పేజీకి మూడు ముక్కలు, ముక్కకో ముద్ర. అది ఏ రేవులో దిగిందో, ఏ సరిహద్దు దాటిందో, దాని సీట్ల గుడ్డ ఏమిటో రాసి ఉంది. అది తిరిగి రాకపోతే అడిగే నాథుడున్నాడు, బ్యాంకు కూడా పూచీపడి ఉంది. మరి ఆ పదమూడో నంబరు పానా మనిషికో? పదో తరగతి పాసవలేదు కాబట్టి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే వలసకు సర్కారు అనుమతి కావాలని; గల్ఫుకు పోవాలంటే 1983 నాటి చట్టం కింద అనుమతి, రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో బీమా. ఆ పైన ఏజెంటుకి కట్టిన అప్పు. పాస్‌పోర్టు లాక్కోవడం అక్కడి చట్టంలోనూ తప్పే, అయినా డ్రాయరుకి తాళం పడుతూనే ఉంది. థార్ కాగితాలు ఎవడైనా డ్రాయర్లో పెట్టి తాళం వేస్తే 402 ఎన్ని ఫోన్లు చేస్తాడు? ఎంతమంది మాట్లాడతారు? శంషాబాద్ కార్గో గేటు బయట అంబులెన్సు పెట్టుకుని, లోపలి నుంచి పెట్టె ఎప్పుడొస్తుందా అని నిలబడే ఆడవాళ్లను ఎప్పుడైనా చూశారా? ఆ పెట్టెకీ బిల్లు ఉంటుంది, బరువు రాసి ఉంటుంది. ఏమీ లేకుండా ఎడారిలో బతకడం నేర్చుకోవడానికి మా వాడు ఇన్ని లక్షలు పోస్తున్నాడు. ఆ విద్య జగిత్యాలలో, సిరిసిల్లలో ఇంటికొకరికి వచ్చు. ఒక్కడినీ పిలిచి అడగలేదు. సీసా మాత్రం దానం చేశాడు, అదీ నాది.

సరే. మర్నాడు ఆయన గడ్డం సవరించుకుని మా ఇంటికొచ్చారు. విప్పిన గుడారం ఓడెక్కలేదు కదా, ఆర్నెల్లు ఎక్కడైనా పెట్టుకోవాలట. సెల్లార్‌లో నా స్థలమైతే బీన్ బ్యాగులతో నిండిపోయింది, అది ఆయనకూ తెలుసు. మా ఆవిడ లోపలి నుంచి, "డాబా మీద పెట్టించండి తమ్ముడూ, మేం చూసుకుంటాం" అంది. అంత ఉదారంగా ఎందుకందో నాకప్పుడు తెలియలేదు. నలుగురు పట్టి మోసి డాబా ఎక్కించారు.

నిన్న పైకెళ్లి చూశాను. గట్టి పెంకు, చదునుగా ఉంటుంది, నడుమెత్తు, పిల్లులకు అందదు, ఎండ బ్రహ్మాండంగా తగుల్తుంది. పాత చీర పరిచి, దాని మీద వరసలు వరసలుగా గుమ్మడి వడియాలు.