పక్కింటి కుర్రాడికి స్టేజ్ టూ

పోయిన నెల మా అమ్మ అరడజను బత్తాయిలు సంచిలో వేసుకుని పక్కింటికి పరామర్శకు వెళ్లింది. ఆ ఇంటి కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఫోన్లో, "స్టేజ్ వన్ అయిపోయింది రా, ఇప్పుడు స్టేజ్ టూ, ఇంకో నెలలో స్టేజ్ త్రీకి వెళ్లిపోతాను" అని నవ్వుతూ చెప్పడం అంతకుముందే ఆవిడ చెవిన పడిందట. "పాపం, ఎంత ధైర్యం గుంటడికి" అని కళ్లు తుడుచుకుని మరీ వెళ్లింది. తీరా చూస్తే జబ్బు కారుకి. కుర్రాడి తల్లి మాత్రం బత్తాయిలు వద్దనలేదు. "జబ్బేలెండి పిన్నిగారూ" అని లోపల పెట్టుకుందట.

జబ్బు పేరు ట్యూనింగ్, అంటే కంపెనీ ఇచ్చిన ఇంజన్ చాలక దాని శక్తి పెంచేలా మార్పించడం. ఆ మార్పుల్లో ఒక్కో మెట్టుని ఒక్కో స్టేజ్ అంటారు. రోగి సెకండ్ హ్యాండులో కొన్న పోలో. 999 సీసీ, మూడు సిలిండర్లు, ఇంజన్లోకి గాలిని బలంగా నెట్టే టర్బో. కంపెనీవాళ్లు పాపం 110 గుర్రాలిచ్చి, అంటే అంత హార్స్‌పవర్ ఇచ్చి పంపారు. సాయంత్రం ఆరింటికి మా శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో వాటిలో పది కూడా మేతకు బయటికి రాలేవు. అయినా మనవాడికి చాల్లేదు. బండిని విశాఖపట్నం తీసుకెళ్లి, ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజన్ని నడిపే కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, రాత మార్పించాడు. మన నుదుటి రాత బ్రహ్మ కూడా మార్చలేడంటారు గాని, ఈసీయూ రాత మధ్యాహ్నం భోజనం వేళకల్లా మారిపోయింది. తర్వాత పెద్ద టర్బో, ఆ గాలిని చల్లార్చే పెద్ద ఇంటర్‌కూలర్, లావు సైలెన్సర్ గొట్టం. ఇప్పుడు 180 గుర్రాలంటాడు.

ఇదే ఊళ్లో, అరసవల్లిలో, సూర్యనారాయణస్వామి ఉన్నాడు. ఆయన రథానికి ఏడంటే ఏడే గుర్రాలు. ఏ స్టేజీ లేకుండానే రోజూ టైముకి వస్తున్నాడు. పైగా ఆయన సారథి అనూరుడు, అంటే తొడలు లేనివాడు కాబట్టి యాక్సిలరేటర్ తొక్కే బెడద లేదు. మా వీధిలో ఆ అదృష్టం లేదు.

"ఫస్ట్ గేర్లో గట్టిగా తొక్కితే స్టీరింగ్ దానంతటదే పక్కకి లాగేస్తాది బాబాయ్!" అన్నాడొకరోజు, కొడుకు అప్పుడే నడక నేర్చినంత మురిపెంగా. నేను భయపడాల్సిన చోట వాడు మురిశాడు. ఈ చిన్న కార్లలో బండిని లాగేవీ ముందు చక్రాలే, మలుపు తిరిగేవీ అవే. గట్టిగా తొక్కగానే బరువు వెనక్కి వాలి, పట్టు కావలసిన ముందు చక్రాలకే పట్టు తగ్గుతుంది. ఇంజన్ అడ్డంగా పడుకుని, గేర్‌బాక్స్ ఒక పక్కకు చేరడంతో కుడి ఎడమ చక్రాలకు వెళ్లే షాఫ్టుల పొడవు కూడా సమానంగా ఉండదు. శక్తి పెంచేకొద్దీ స్టీరింగ్ ఒక పక్కకు గుంజుతుంది. పెళ్లిలో వంటా వడ్డనా ఒక్కడికే అప్పగించి, పిలుపులు రెట్టింపు చేశామనుకోండి. సాంబారు విస్తట్లోనే పడుతుందని పూచీ ఎవరిస్తారు?

ఇదంతా ఒక ఎత్తు, స్పీడ్ బ్రేకర్ ఒక ఎత్తు. అది మా వీధి మొగలో వినాయక చవితి చందాల్లో మిగిలిన డబ్బుతో మేమే సిమెంటు కలిపి పోసుకున్నది. మనవాడు స్ప్రింగులు మార్పించి బండిని నేలకు దించేశాడు. రేసు కార్లు అలాగే ఉంటాయట. దాంతో ప్రతి ఆదివారం పొద్దున్న మా వీధిలో ఒక ఉత్సవం. ముందు కారు వచ్చి బ్రేకర్ ఎదుట ఆగుతుంది. లోపలున్న ముగ్గురు స్నేహితులు బరువు తగ్గించడానికి దిగిపోతారు. ఒకడు రోడ్డు మీద బోర్లా పడుకుని ఫోన్ టార్చి వేసి కారు పొట్ట కింద చూస్తాడు. ఇంకొకడు పురోహితుడిలా చెయ్యెత్తి, "రానీ... రానీ... క్రాస్‌గా... ఆపు ఆపు ఆపు!" అంటాడు. కారు ఏటవాలుగా ఒక చక్రం ఎక్కిస్తుంది. గర్రుమంటుంది. బోర్లా పడుకున్నవాడు తనకే చర్మం ఊడినట్టు "అబ్బా" అంటాడు. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి. వెనక గ్యాస్ సిలిండర్ల ఆటో, దాని వెనక పాల బండి, దాని వెనక గుడికి టైమైపోతోందని టెన్షన్ పడుతూ నేను. మొన్న ఓ గేదె వీళ్లందర్నీ దాటుకుని, బ్రేకర్ మీద ఓ క్షణం నిలబడి వెనక్కి చూసి మరీ వెళ్లింది. బియ్యం బస్తాతో సైకిల్ మీదొచ్చిన ముసలాయన కాసేపు చూసి, జాలిపడి అడిగాడు: "ఎత్తీసి అవతల పెట్టీమంటారేటి బాబూ?"

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా ఆ కారు వెనక పటపటమని పేలుతుంది చూశారూ, అది లోపం కాదు. డబ్బిచ్చి రాయించుకున్నది. స్పార్కు ఆలస్యం చేసి, అక్కర్లేని పెట్రోలు గొట్టంలోకి వెళ్లి కాలేలా చేశారు. ఆ పెట్రోలు బండిని ఒక్క అంగుళం ముందుకు తోయదు. రాత్రి పదకొండున్నరకు మా అమ్మను మంచం మీద లేపి కూర్చోబెట్టడం తప్ప దానికి వేరే పని లేదు. పొగలో విషాన్ని విరిచే కెటలిటిక్ కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుంది, లోపల ప్లాటినం, పల్లాడియం పూత. దాన్ని పీకించేశాడు. "పవర్‌కి అడ్డం బాబాయ్" అన్నాడు.

ఎవరికిరా అడ్డం? వీధి చివర అంగన్‌వాడీ ఉంది. అరుగు మీద కూర్చున్న మూడేళ్ల పిల్లల ముక్కులు సరిగ్గా నీ గొట్టం ఎత్తులో ఉంటాయి. నువ్వు పీకించింది నీ బండికి అడ్డం కాదు, ఆ పిల్లలకి అడ్డం. ఇంజన్ మీద ఎంత పెట్టావంటే మూడు లక్షల చిల్లరన్నావు. బ్రేకుల మీద ఎంతరా అంటే, "అవి కంపెనీవే, బాగానే ఉన్నాయి" అన్నావు. వెనక డ్రమ్ములు, ముందు అరిగి నున్నబడ్డ టైర్లు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు కదిలే కార్లను కండబలంతో ఆపేవారని మా తాతలు కథలుగా చెప్పేవారు. ఇప్పుడాయన పేరు మన ఊరి స్టేడియానికి మాత్రమే ఉంది. బడి వదిలే వేళ ఎవడి పిల్లో అడ్డం వస్తే ఎవర్ని పిలుస్తావు?

చట్టం గురించీ చెప్పి చూశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులు కూడదంటుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలలదాకా జైలు, లేదా రెండూ. మనవాడు వేళ్ల మీద లెక్కగట్టాడు. ఆరు మార్పులకి 30,000. "అలాయ్ వీల్స్ కంటే తక్కువే బాబాయ్" అన్నాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. వాళ్ల నాన్న వరండాలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ మూడు లక్షలు ఆయన పీఎఫ్‌వి.

నిన్న సాయంత్రం కారు గేటు ముందే కదలకుండా కూర్చుంది. అంత లాగుడు తట్టుకోలేక క్లచ్ కాలిపోయిందట. వీధంతా మాడు కంపు. టోయింగ్ లారీ వచ్చి, దాన్ని వీపు మీదికి ఎక్కించుకుని విశాఖపట్నం బయల్దేరింది. వీధి మొగలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అలవాటు కొద్దీ ముగ్గురు స్నేహితులూ పరుగెత్తుకెళ్లారు, ఒకడు ఫోన్ టార్చి కూడా వేశాడు. లారీ ఆగలేదు.